జులై 4న లేక్ తాహో ఒడ్డున: పగలంతా బీచ్, రాత్రికి బాణసంచా – తరచుగా అడిగే ప్రశ్నలు

బే ఏరియా నుంచి, శాక్రమెంటో, ఫాల్సమ్ వైపు నుంచి ఏటా జులై 4కి, అంటే అమెరికా స్వాతంత్ర్య దినానికి, కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులోని తాహో సరస్సుకు వచ్చే తెలుగు కుటుంబాలు చాలానే ఉంటాయి. వాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబులివి. మేం చెప్పేదంతా దక్షిణ తీరం గురించే, ఎందుకంటే పెద్ద బాణసంచా అక్కడే. వేళలు, రుసుములు, నియమాలు ఏటా కొంచెం అటూ ఇటూ అవుతాయి కాబట్టి బయల్దేరే వారంలో ఒకసారి సరిచూసుకోండి.

బాణసంచా ఎక్కడ కాలుస్తారు? ఎన్నింటికి?

సౌత్ లేక్ తాహో, స్టేట్‌లైన్ ఊళ్ళ ముందు, సరస్సులో లంగరేసిన బల్లకట్టు పడవల మీద నుంచి కాలుస్తారు. ఈ ప్రదర్శన పేరు 'లైట్స్ ఆన్ ద లేక్'. మామూలుగా రాత్రి 9:45 ప్రాంతంలో మొదలై ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు సాగుతుంది. ఆ రోజుల్లో సూర్యాస్తమయం 8:30కి అవుతుంది. కొండల వెనక వెలుగు పూర్తిగా పోయేసరికి ఇంకో గంట పడుతుంది, అందుకే అంత ఆలస్యం.

ఉత్తర తీరంలోని కింగ్స్ బీచ్, తాహో సిటీ ఈమధ్య డ్రోన్ షోల వైపు మళ్ళాయి. పాత సమాచారం నమ్ముకుని టపాసుల కోసం అటు వెళ్తే నిరాశే. సరస్సు 22 మైళ్ళ పొడవు, 12 మైళ్ళ వెడల్పు. ఉత్తరాన కూర్చుంటే దక్షిణాన కాల్చేది కనిపిస్తుందేమోనన్న ఆశ వద్దు.

ఏ బీచ్‌కి వెళ్ళాలి?

బాణసంచాయే ముఖ్యమైతే మా మొదటి సలహా నెవాడా బీచ్. రాష్ట్ర సరిహద్దు దాటిన వెంటనే ఉత్తరాన ఉంటుంది. ఇసుక పొడవుగా ఉంటుంది, ఎదురుగా అంతా నీళ్ళే, అడ్డొచ్చేది ఏదీ లేదు. ఇది ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళ స్థలం, లోపలికి వెళ్ళడానికి రుసుము ఉంటుంది. పార్కింగ్ నిండితే గేటు మూసేస్తారు. ఆ తర్వాత ఎంత బతిమాలినా లాభం లేదు.

ఊళ్ళో బస చేసేవాళ్ళకు లేక్‌వ్యూ కామన్స్ నయం. దీన్నే ఎల్ డొరాడో బీచ్ అని కూడా అంటారు. ఇక్కడ ఇసుక తక్కువ, మెట్ల వరసలు ఎక్కువ. పెద్దవాళ్ళు మెట్ల మీద కూర్చోవచ్చు. తిండి దుకాణాలు, బాత్రూంలు దగ్గర్లోనే ఉంటాయి. కొంచెం పడమరగా రీగన్ బీచ్ ఉంది. అక్కడ పచ్చికా ఉంటుంది కానీ చోటు తక్కువ.

పోప్ బీచ్, బాల్డ్‌విన్ బీచ్ పగటిపూట హాయిగా గడపడానికి ఈ చుట్టుపక్కల్లోకల్లా మంచివి. నీళ్ళు లోతు లేకుండా చాలా దూరం వెళ్తాయి, చిన్న పిల్లలకు బాగుంటుంది. అయితే అక్కడి నుంచి బాణసంచా దూరంగా, చిన్నగా కనబడుతుంది. పైగా ఇవి పగటి వాడకానికి ఉద్దేశించిన బీచ్‌లు. గేటు ఎప్పుడు మూస్తారో లోపలికి వెళ్ళేటప్పుడే అడగండి.

శాండ్ హార్బర్ ఫొటోల్లో ఎంత అందంగా ఉన్నా ఈ రోజుకు పనికిరాదు. అది ఈశాన్య తీరంలో ఉంది. వేసవి ఉదయాల్లో ముందుగా రిజర్వేషన్ చేసుకుంటేనే కారు లోపలికి వస్తుంది, రోడ్డు మీద కారు ఆపి నడిచి వెళ్ళడం నిషేధం. అక్కడి నుంచి బాణసంచా ఎలాగూ కనిపించదు. ఎమరాల్డ్ బేకి మూడు వైపులా కొండలే, అక్కడా అంతే.

స్టేట్‌లైన్ దగ్గర మ్యాప్‌లో ఇసుక కనబడింది కదా అని నేరుగా వెళ్ళిపోకండి. అందులో చాలా భాగం హోటళ్ళది, కాలనీ సంఘాలది. అతిథులు, సభ్యులు తప్ప వేరేవాళ్ళను రానివ్వరు. మీరు దిగిన హోటల్‌కి సొంత తీరం ఉంటే అదృష్టమే. ఇక బీచ్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

ఉదయం ఎన్నింటికి చేరాలి?

నెవాడా బీచ్‌కి కారులో వస్తే ఉదయం ఏడు, ఏడున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి. తొమ్మిదికి వచ్చేవాళ్ళలో సగం మంది వెనక్కి తిరుగుతారు. శాక్రమెంటో నుంచి హైవే 50 మీదుగా దాదాపు వంద మైళ్ళు. మామూలు రోజున రెండు గంటల ప్రయాణం. ఆ రోజు ఎంత పడుతుందో లెక్క చెప్పలేం. శాన్ హోసే నుంచి తెల్లవారుజామున మూడింటికి లేచి బయల్దేరడం కన్నా ముందురోజు రాత్రికే వచ్చి ఊళ్ళో ఎక్కడో ఒకచోట పడుకోవడం మేలు.

ఈ రోజుకు రెండు పద్ధతులే పనిచేస్తాయి. ఒకటి, తెల్లవారగానే వచ్చి రాత్రి పదకొండు దాకా కదలకుండా ఉండటం. అంటే పదిహేను గంటలకు సరిపడా నీడ, నీళ్ళు, తిండి, ఓపిక వెంట తెచ్చుకోవాలి. రెండోది, పగలు బీచ్ ఊసే ఎత్తకుండా, కారు బసలోనే వదిలేసి, సాయంత్రం ఆరున్నర, ఏడింటికి దుప్పట్లు చంకన పెట్టుకుని నడిచి రావడం. మధ్యాహ్నం పన్నెండుకి కారులో రావడమంత చెడ్డ ఆలోచన ఇంకోటి లేదు. పార్కింగ్ ఉండదు, నీడ ఉండదు, వెనక్కి వెళ్ళే దారీ ఉండదు.

పార్కింగ్ దొరక్కపోతే హైవే పక్కన పెట్టొచ్చా?

వద్దు. తూర్పు తీరంలో హైవే 50 పక్కన చోటు చాలా ఇరుకు. తెల్ల గీత దాటి ఒక చక్రం రోడ్డు మీదున్నా చలానా రాస్తారు, ట్రాఫిక్‌కి అడ్డమైతే బండి లాక్కెళ్తారు. అసలు ప్రమాదం అది కాదు. కారు దిగిన పిల్లలు, చేతుల్లో ఐస్ బాక్సుతో పెద్దవాళ్ళు వేగంగా వెళ్ళే కార్ల పక్కన నడవాలి. రాత్రి తిరిగొచ్చేటప్పుడైతే చీకట్లో నడవాలి.

లేక్ లింక్ అని సౌత్ లేక్ తాహోలో ఫోన్ యాప్‌తో పిలిపించుకునే ఉచిత వ్యాన్లున్నాయి. పొద్దున పూట వాటిని నమ్ముకోవచ్చు. బాణసంచా అయ్యాక మాత్రం ఊరంతా ఒకేసారి పిలుస్తుంది కాబట్టి నడకకు సిద్ధపడే రండి. సైకిళ్ళు అద్దెకు తీసుకునే కుటుంబాలు అందరికన్నా ముందు గది చేరతాయి. సైకిల్‌కి ముందు దీపం, వెనక దీపం మరవద్దు.

నీళ్ళు నిజంగా అంత చల్లగా ఉంటాయా?

ఉంటాయి. ఇది 1,645 అడుగుల లోతున్న సరస్సు. అందులోకి చేరేది ఎక్కువగా కొండల మీద మంచు కరిగిన నీరు. జులై మొదట్లో పైపొర 60 నుంచి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, అంటే 16–18 సెల్సియస్‌లో ఉంటుంది. గాలి వేడి 78 ఉండటంతో ఒడ్డున నిలబడ్డవాళ్ళకు ఆ తేడా తెలియదు.

నిన్న బాగున్న నీళ్ళు ఇవాళ గడ్డకట్టేలా ఉన్నాయంటే దానికీ కారణం ఉంది. నైరుతి గాలి ఒకటి రెండు రోజులు బలంగా వీస్తే పైనున్న వెచ్చని నీరు అవతలి ఒడ్డుకు కొట్టుకుపోతుంది. దాని స్థానంలో అడుగునున్న చల్లని నీరు పడమటి, దక్షిణ తీరాల్లో పైకి తేలుతుంది. ఒక్క రాత్రిలో పది డిగ్రీలకు పైగా పడిపోవచ్చు.

పరుగెత్తుకుంటూ వెళ్ళి ఒక్కసారిగా దూకడం ఇక్కడ ప్రమాదం. చల్లదనం తగలగానే మన ప్రమేయం లేకుండానే గట్టిగా ఊపిరి లాగుతాం. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే నీళ్ళు మింగేస్తాం. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా మొదటి నిమిషంలో ఇబ్బంది పడేది ఇందుకే. మోకాళ్ళ దాకా దిగి, చేతులూ మెడా తడిపి, ఊపిరి సర్దుకున్నాక ముందుకెళ్ళండి. కొన్ని నిమిషాలకే వేళ్ళు మొద్దుబారతాయి, చేతుల్లో బలం తగ్గుతుంది. ఈత కొడితే ఒడ్డుకు సమాంతరంగానే కొట్టండి. ఇసుక నేల నడుం లోతు దాకా మెల్లగా దిగి, కొన్నిచోట్ల ఉన్నట్టుండి పడిపోతుంది. నీటి రంగు లేత ఆకుపచ్చ నుంచి ముదురు నీలానికి మారిందంటే అక్కడ నేల లేదని అర్థం.

గాలి ఊదిన తేలుడు బోట్లు, ప్యాడిల్ బోర్డులు తేవచ్చా?

తేవచ్చు, కానీ వాటికి వేళ ఉంది. పొద్దున పదకొండు దాకా సరస్సు అద్దంలా ఉంటుంది. మధ్యాహ్నం గాలి లేచిందంటే హంస, ఫ్లెమింగో ఆకారపు బొమ్మలన్నీ సరస్సు నడిమధ్యకు బయల్దేరతాయి. గాలి ఊదిన బొమ్మకు నీళ్ళలో దిగే భాగమంటూ ఉండదు. తెరచాపకూ దానికీ పెద్ద తేడా లేదు, మీరు తెడ్డు వేసినకొద్దీ గాలిదే పైచేయి. కొట్టుకుపోతుంటే దాన్ని వదిలేసి ఈదుకుంటూ వచ్చే సాహసం చేయకండి. దాన్నే పట్టుకుని ఉండి సాయం కోసం చెయ్యి ఊపండి. కొట్టుకుపోయిన బొమ్మ కోసం ఈదుకుంటూ వెళ్ళడం అంతకన్నా ప్రమాదం. పోతే పోనివ్వండి.

ప్యాడిల్ బోర్డు, కయాక్ చట్టం దృష్టిలో పడవలే. 13 ఏళ్ళలోపు పిల్లలు వాటి మీద లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలి. కాలిఫోర్నియా, నెవాడా రెండు వైపులా ఇదే నియమం. పెద్దవాళ్ళకు ఒక్కొక్కరికి ఒకటి చొప్పున దగ్గర ఉండాలి. ఇంత చల్లని నీళ్ళలో అది దగ్గరుంటే చాలదు, ఒంటి మీద ఉండాలనేది మా మాట. చేతులకు తొడిగే గాలి బుడగలను లైఫ్ జాకెట్‌గా లెక్కలోకి తీసుకోకండి.

తినడానికి ఏం తెచ్చుకోవాలి? ఏం పాడవుతుంది?

పగలంతా ఇసుకలో ఉండే రోజుకు చింతపండు పులిహోరను మించింది లేదు. పులుపు, నూనె రెండూ కాపాడతాయి, చల్లగా తిన్నా రుచి పోదు. నిమ్మకాయ పులిహోర రెండో స్థానం. చపాతీలు, ఆవకాయ కలిపిన అన్నం, జంతికలు, ఉడికించిన వేరుశనగలు, మొక్కజొన్న కంకులు, పుచ్చకాయ ముక్కలు అన్నీ పనికొస్తాయి. చికెన్ ఫ్రై తెస్తే బాగా చల్లార్చి, ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, ఐస్‌తోనే బయటికి తీయండి.

అందరికన్నా ముందు పాడయ్యేది కొబ్బరి చట్నీ. ఇంట్లోనే ఉంచండి. పెరుగన్నం కలిపి తేవద్దు. అన్నం ఒక డబ్బాలో, గడ్డ పెరుగు ఇంకో డబ్బాలో ఐస్ మధ్య పెట్టి తెచ్చి, తినే ముందు కలపండి. చల్లగా ఉండాల్సింది ఏదైనా బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. ఎండ 90 ఫారెన్‌హీట్ దాటితే గంటే.

ఐస్ లెక్క సులువు. తిండి ఎంత బరువో ఐస్ అంత బరువు. నలుగురి కుటుంబానికి రోజంతటికీ పది కిలోల ఐస్ తక్కువేం కాదు, ఎక్కువేం కాదు. సగం ముక్కలుగా కాకుండా గడ్డలుగా ఉంటే రాత్రి దాకా నిలుస్తుంది. ఖాళీ పాల డబ్బాల్లో నీళ్ళు పోసి గడ్డకట్టిస్తే అవే తర్వాత తాగే నీళ్ళవుతాయి. పానీయాలకు ఒక పెట్టె, తిండికి ఇంకో పెట్టె పెట్టండి. పానీయాల పెట్టె మూత ఐదు నిమిషాలకోసారి తీస్తూనే ఉంటారు. దాని చల్లదనం మధ్యాహ్నానికే పోతుంది.

బసలో వండేవాళ్ళకు ఒక మాట. ఈ ఎత్తులో నీళ్ళు 212కి కాదు, 200 ఫారెన్‌హీట్ దగ్గరే మరిగిపోతాయి. కందిపప్పు మామూలు గిన్నెలో ఎంతకీ ఉడకదు. కుక్కర్ కానీ ఇన్‌స్టంట్ పాట్ కానీ వెంట తెచ్చుకోండి.

మంచినీళ్ళు అక్కడ కొనుక్కుంటే సరిపోదా?

సౌత్ లేక్ తాహో నగరంలో 2024 ఏప్రిల్ 22 నుంచి గ్యాలన్ కన్నా చిన్న ఒకసారి వాడే ప్లాస్టిక్ నీళ్ళ సీసాల అమ్మకం నిషేధించారు. అందుకని పెద్ద క్యాన్, మళ్ళీ నింపుకునే సీసాలు ఇంటి నుంచే తెచ్చుకోండి. పెద్దవాళ్ళకు మనిషికి మూడు, నాలుగు లీటర్లు. ఇక్కడి కుళాయి నీళ్ళు చాలా బాగుంటాయి, నింపుకోవడానికి మొహమాటపడకండి. గాజు సీసాలు, మద్యం మీద బీచ్‌కో నియమం ఉంది, గేటు దగ్గరి బోర్డు చదవండి.

ఎండ అంత తీవ్రంగా అనిపించదు కదా, సన్‌స్క్రీన్ అవసరమా?

సరస్సు మట్టం సముద్రానికి దాదాపు 6,225 అడుగుల ఎత్తున, అంటే 1,900 మీటర్ల దగ్గర ఉంది. ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత పది, పన్నెండు శాతం పెరుగుతుంది. ఇసుక, నీళ్ళు తిరగ్గొట్టేది దీనికి అదనం. చల్లగాలి వీస్తుంటుంది కాబట్టి కాలుతున్నట్టు తెలియదు, రాత్రికి భుజాలు మండుతాయి. మన ఒంటి రంగు కాపాడుతుందనుకోవడం పొరపాటు. ఒకసారి ఒళ్ళంతా రాయడానికి పెద్దవాళ్ళకు 30 మిల్లీలీటర్లు పడుతుంది. రెండు గంటలకోసారి రాస్తే చిన్న ట్యూబు ఇద్దరికి మధ్యాహ్నం దాకా కూడా రాదు. చెవుల అంచులు, పాదాల పైభాగం, పాపిట అందరూ మరిచేవే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకురావచ్చా?

తీసుకురండి. కానీ పదిహేను గంటల పద్ధతి వాళ్ళకు వద్దు. సముద్ర మట్టం నుంచి మూడు నాలుగు గంటల్లో ఆరువేల అడుగులు ఎక్కేస్తారు. మొదటి రోజు తలనొప్పి, ఆయాసం, నిద్ర పట్టకపోవడం మామూలే. ముందురోజే వచ్చి నెమ్మదిగా తిరిగితే తగ్గుతుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళు, బీపీకి మూత్రం ఎక్కువయ్యే మాత్ర వేసుకునేవాళ్ళు బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగాలి. బాత్రూం దూరమని నీళ్ళు తాగకుండా కూర్చునే పెద్దవాళ్ళే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పడతారు. వాళ్ళ కుర్చీ బాత్రూం దగ్గర్లో వేయండి, మీ దుప్పటి ఎక్కడున్నా సరే.

ఇసుకలో కూరుకుపోయే ఎత్తు తక్కువ బీచ్ కుర్చీలోంచి అరవై దాటినవాళ్ళు లేవలేరు. చేతులున్న ఎత్తు కుర్చీ తేండి. కాళ్ళ కింద చిన్న చెక్కలు పెడితే దిగబడదు. మందులు, విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు ఫొటో మీ ఫోన్‌లో ఉండాలి. సౌత్ లేక్ తాహో ఊళ్ళోనే బార్టన్ ఆసుపత్రి ఉంది. అత్యవసరమైతే 911.

గొడుగు మేలా, టెంట్ మేలా?

ఏదైనా మధ్యాహ్నం గాలికి ఆగాలి. ఇసుకలో మేకులు నిలవవు. నాలుగు మూలలా సంచులు కట్టి, ఒక్కోదాంట్లో పది కిలోల ఇసుక నింపండి. గొడుగు కర్ర అడుగున్నర లోతు దిగాలి, గాలి వచ్చే వైపు వంచాలి. ఎగిరిన గొడుగు కర్ర గాయాలు చేస్తుంది. సూర్యుడు అస్తమించగానే టెంట్ దించేయండి. మీ వెనక వందల మంది ఉంటారు, వాళ్ళకూ ఆకాశం కావాలి. కొన్ని బీచ్‌లలో టెంట్లకు అనుమతే ఉండదు.

ఇంకో విషయం. సరస్సు మట్టం ఏడాదికేడాది మారుతుంది. మంచు బాగా పడి మట్టం 6,229 అడుగుల గరిష్ఠ హద్దుకు దగ్గరైన ఏడు ఇసుక సగానికి కుంచించుకుపోతుంది. పోయినేడు విశాలంగా ఉందని ఈ ఏడు పెద్ద టెంట్ తెచ్చినవాళ్ళు పక్కవాళ్ళతో గొడవపడటం చూస్తూనే ఉంటాం.

బాత్రూం క్యూలు?

ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర మధ్య వెళ్ళి రండి. తొమ్మిది దాటితే క్యూలోనే మొదటి టపాసు వినాల్సి వస్తుంది. కాగితం, శానిటైజర్ మీవే తెచ్చుకోండి. సాయంత్రానికి అక్కడ ఏమీ మిగలవు.

పోయిన దీపావళికి మిగిలిన కాకరపువ్వొత్తులు ఉన్నాయి. పిల్లల చేతికివ్వొచ్చా?

వద్దే వద్దు. తాహో పరిసరాల్లో సొంత టపాసులు ఏవైనా సరే చట్టవిరుద్ధం, కాకరపువ్వొత్తితో సహా. శాక్రమెంటోలో దుకాణంలో కొన్నవైనా ఇక్కడ చెల్లవు. దీని వెనక కారణం చిన్నది కాదు. 2007 జూన్‌లో సౌత్ లేక్ తాహో పక్కన ఆర్పకుండా వదిలిన ఒక చలిమంట నుంచి లేచిన ఆంగోరా కార్చిచ్చు మూడువేల ఎకరాలకు పైగా తగలబెట్టి 250కి పైగా ఇళ్ళను బూడిద చేసింది. 2021 ఆగస్టులో కాల్డోర్ కార్చిచ్చు వల్ల ఊరు ఊరంతా ఖాళీ చేశారు. ఇక్కడివాళ్ళు రవ్వ చూస్తే పోలీసులను పిలుస్తారు, అందులో వాళ్ళ తప్పేం లేదు. పిల్లలకు మెరిసే ప్లాస్టిక్ గాజులు కొనివ్వండి, అవి కూడా ఇంటికి తిరిగి రావాలి.

బొగ్గుల కుంపటి సంగతీ ఇంతే. నిప్పు ఆంక్షలు వేసవిలో మారుతూ ఉంటాయి. వేడిగా తినాలనిపిస్తే ఫ్లాస్కులో సాంబారు, టీ తెచ్చుకోండి.

చీకటి పడ్డాక చలి ఎంత?

పగలు టీషర్టు, రాత్రి స్వెటర్. ఎండ పోగానే వేడి గబగబా తగ్గి, అర్ధరాత్రికి 45 ఫారెన్‌హీట్ దగ్గరికి దిగుతుంది. తడి ఈత బట్టలతో కూర్చున్న పిల్లలు తొమ్మిదికల్లా వణుకుతారు. ఏడున్నరకే పొడి బట్టలు మార్చి సాక్సులు తొడగండి. కింద పరచడానికి ఒక దుప్పటి, కప్పుకోవడానికి ఇంకోటి ఉండాలి. ఇసుక కింద నుంచి చల్లదనం ఎక్కుతుంది.

పసిపిల్లలకు శబ్దం పడుతుందా?

చెవులు కప్పే పిల్లల ఇయర్‌మఫ్‌లు కొనండి. పసివాళ్ళకు దూది చాలదు. చుట్టూ కొండలుండటంతో ప్రతి పేలుడూ మళ్ళీ వినిపిస్తుంది. పిల్లలు బెదిరితే ఒడ్డు నుంచి వెనక్కి, పైన్ చెట్ల వైపు నడవండి. కుక్కలను ఇంట్లోనే ఉంచండి. నెవాడా బీచ్, పోప్, బాల్డ్‌విన్ ఇసుకలోకి వాటిని ఎలాగూ రానివ్వరు.

వెలుగు ముందు, చప్పుడు తర్వాత ఎందుకు వస్తుంది? సంగీతం ఎక్కడ వినాలి?

శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. వెలుగు కనిపించాక చప్పుడు వచ్చేదాకా సెకన్లు లెక్కపెట్టి 340తో గుణిస్తే పడవ ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది. ఐదు సెకన్లంటే మైలు కొంచెం దాటినట్టు. పిల్లలకు ఈ పని అప్పజెబితే ఎదురుచూపు తెలియదు. ఇంకో లెక్క కూడా ఉంది. బాణసంచా గుండు వ్యాసం ఎన్ని అంగుళాలో దాదాపు అన్ని వందల అడుగుల ఎత్తున అది విచ్చుకుంటుంది. నాలుగంగుళాల గుండు నాలుగొందల అడుగుల దగ్గర అన్నమాట.

ప్రదర్శనకు తగ్గ సంగీతాన్ని స్థానిక ఎఫ్ఎం స్టేషన్ కేఆర్ఎల్‌టీ 93.9లో వేసే ఆనవాయితీ ఉంది. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో తెచ్చుకోండి. ఫోన్‌లో ఇంటర్నెట్ ద్వారా వింటే పాట అర నిమిషం వెనకబడుతుంది, అసలు ఆ జనంలో నెట్‌వర్క్ అందితే కదా.

రాత్రి గాలి పూర్తిగా ఆగిపోతే ఇంకో చిక్కు ఉంది. మొదటి ఐదు నిమిషాల పొగ అక్కడే నిలిచిపోయి, తర్వాతవన్నీ మబ్బు వెనక దీపాల్లా కనబడతాయి. దానికి చేయగలిగింది లేదు.

ఫోన్‌లో ఫొటోలు బాగా రావాలంటే?

ఫ్లాష్ ఆపేయండి. ఫోన్‌ని ఐస్ బాక్సుకో, చిన్న స్టాండుకో ఆనించి కదలకుండా పెట్టండి. జూమ్ చేయకండి. దూరంగా ఉన్న దీపం మీద వేలుంచి ఫోకస్ బిగించి, వెలుతురు కొంచెం తగ్గించండి. కెమెరా ఉన్నవాళ్ళకు ఐఎస్ఓ 100, ఎఫ్ 8 నుంచి 11, షట్టర్ రెండు నుంచి నాలుగు సెకన్లు. నీళ్ళలో ప్రతిబింబం కోసం ఫ్రేమ్‌లో కింది మూడో వంతు సరస్సుకు వదలండి. మంచి ఫొటోలు మొదటి పది నిమిషాల్లోనే తీసేయండి, పొగ ఇంకా చేరి ఉండదు.

రద్దయ్యే అవకాశం ఉందా?

ఉంది. గాలి మరీ ఎక్కువైనా, పిడుగులు పడుతున్నా, దగ్గర్లో కార్చిచ్చు ఉన్నా ఆపేస్తారు లేదా ఆలస్యం చేస్తారు. ఉరుము వినబడితే నీళ్ళలోంచి బయటికొచ్చి కార్లోకో భవనంలోకో వెళ్ళండి. ఒంటరి పైన్ చెట్టు కిందకు కాదు.

ప్రదర్శన అయ్యాక ఎలా బయటపడాలి?

రోజంతా బాగా గడిపినవాళ్ళు కూడా ఇక్కడే దెబ్బతింటారు. పదీ పది ప్రాంతంలో వేలమంది ఒకేసారి లేచి ఒకే రోడ్డు మీదికి, హైవే 50 మీదికి వస్తారు. స్టేట్‌లైన్ దగ్గర రెండు మైళ్ళకు రెండు గంటలు పట్టడం ఆ రాత్రి వింతేం కాదు.

గేటు మూసే వేళ అనుమతిస్తే గంటన్నర ఒడ్డునే కూర్చోండి. సామాన్లు సర్దండి, మిగిలిన పులిహోర తినండి. బస దగ్గరైతే నడవండి. కారులో వచ్చి నెవాడా వైపు నిలిపి, రీనో మీదుగా వెళ్ళగలిగేవాళ్ళు స్టేట్‌లైన్‌లోకి వెళ్ళకుండా కింగ్స్‌బరీ గ్రేడ్, అంటే 207 నంబరు రోడ్డు, ఎక్కి కార్సన్ లోయలోకి దిగి 395 మీదుగా ఐ 80 అందుకోవచ్చు. దూరం ఎక్కువే, కానీ బండి కదులుతుంది. అయితే 207 దిగుడు ఏటవాలు, బ్రేకులు వేడెక్కకుండా తక్కువ గేరులో దిగాలి. ఊళ్ళో గూగుల్ మ్యాప్ చూపించే సందుల్లోకి దూరకండి, అవి కూడా నిండిపోయి చివరికి అదే హైవేకి చేరతాయి.

ఆ రాత్రే బే ఏరియాకి డ్రైవ్ చేయొద్దు. ఎండలో పదిహేను గంటలు గడిపిన మనిషి అర్ధరాత్రి 7,382 అడుగుల ఎకో సమ్మిట్ మలుపులు తిరగాల్సి వస్తుంది. తప్పదంటే పగలు నాలుగు గంటలు నీడలో నిద్రపోయిన రెండో డ్రైవర్ ఉండాలి.

ఫోన్లు పనిచేయవు కాబట్టి తప్పిపోతే కలుసుకునే చోటు పొద్దున్నే చెప్పుకోండి. 'కారు దగ్గర' అంటే చాలదు. లైఫ్‌గార్డ్ బోర్డు, బాత్రూం మూల లాంటి కదలని గుర్తు కావాలి. పిల్లల చేతి మీద మీ నంబరు పెన్నుతో రాయండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

చెత్త గురించి అంత గట్టిగా ఎందుకు చెబుతారు?

2023 జులై 5న వాలంటీర్లు ఆరు బీచ్‌లలో 8,559 పౌండ్ల చెత్త ఏరారు. అందులో 6,311 పౌండ్లు నెవాడా వైపున్న జెఫర్ షోల్స్ అనే ఒక్క బీచ్‌లోనే. విరిగిన టెంట్లు, కుర్చీలు, డబ్బాలతో నిండిన ఆ ఇసుక ఫొటోలు దేశమంతా తిరిగాయి. తర్వాతి ఏడు నుంచి అక్కడ నియమాలు, కాపలా బిగించారు. జెఫర్ షోల్స్ ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని ఉచిత చోటు, ఇప్పుడు కాదు.

చెత్త డబ్బాలు మధ్యాహ్నానికే నిండుతాయి. నిండిన డబ్బా పక్కన సంచి పెడితే రాత్రికి ఎలుగుబంటి చింపి పరుస్తుంది. కుటుంబానికి మూడు పెద్ద సంచులు తెచ్చుకుని, నింపి, కారులోనే ఇంటికి తీసుకెళ్ళండి. సీసా మూతలు, జంతికల కవరు ముక్కలు, ఫ్రూటీ స్ట్రాలు ఇసుకలో కూరుకుపోతాయి. చీకట్లో దొరకవు, సూర్యుడుండగానే ఒక విడత ఏరేయండి. ఆఖర్న ఫోన్ టార్చితో చుట్టూ పది అడుగులు చూడండి.

ఎలుగుబంట్లు నిజంగానే కార్లు తెరుస్తాయా?

తెరుస్తాయి. తాళం వేయని కారు తలుపు పిడిని లాగడం వాటికి బాగా తెలుసు. లోపలికెళ్ళాక తలుపు పడిపోతే బయటికి రావడానికి సీట్లన్నీ చీల్చేస్తాయి. రాత్రి బస దగ్గర కారులో తిండి, చూయింగ్ గమ్, పిల్లల సీటు సందుల్లో బిస్కట్ ముక్కలు, సువాసన లోషన్లు ఏవీ వదలకండి.

ఇంటికొచ్చాక బోర్డులు, బొమ్మలు ఏం చేయాలి?

కాలిఫోర్నియా నీటిలో 2024 చివర్లో గోల్డెన్ మసెల్ అనే బయటి జాతి ఆల్చిప్ప బయటపడింది. అది తాహోలోకి చేరకూడదని ఇక్కడివాళ్ళ పట్టుదల. అందుకే తాహో వచ్చే ముందు, వెళ్ళాక కూడా ఒకటే పద్ధతి పాటించాలి. బోర్డు, లైఫ్ జాకెట్, ఇసుక బొమ్మలు, నీళ్ళ బూట్లు కడగాలి, లోపలి నీళ్ళు వంపాలి, పూర్తిగా ఆరబెట్టాలి. ముఖ్యంగా ఆ మధ్యలో శాక్రమెంటో నది డెల్టాలోనో ఫాల్సమ్ చెరువులోనో వాడి ఉంటే. గాలి ఊదే బొమ్మల ముడతల్లో నీళ్ళు రోజుల తరబడి నిలుస్తాయి. గాలి తీయకుండానే తిరగేసి ఎండలో పెట్టి, ఆరాక మడవండి.